కోవాకి బూజు పట్టింది

కోవా అంటే మా అమ్మాయి పెంచుకుంటున్న ఆక్సలాటల్. ఒళ్లంతా తెలుపు, తలకు రెండు పక్కలా మూడేసి గులాబీ రంగు మొప్పలు, చిన్న నల్లటి కళ్లు. పెట్టె తెరవగానే మా అమ్మాయి "పాలకోవా!" అని అరిచింది, ఆ పేరే ఖాయమైంది. జానెడు పొడవుంటుంది. చూసినవాళ్లంతా చేప అనుకుంటారు గానీ చేప కాదు, కప్పలకు దూరపు చుట్టం. కప్పపిల్లకు కాళ్లొచ్చి, మొప్పలు పోయి, గట్టెక్కుతుంది కదా. దీనికి కాళ్లొస్తాయి, మొప్పలు మాత్రం పోవు. పెద్దదైనా, గుడ్లు పెట్టినా బతుకంతా నీటి అడుగునే.

దీని సొంతూరు మెక్సికో సిటీకి దక్షిణాన ఉన్న సోచిమిల్కో కాలవలు. 1998లో అక్కడ సర్వే చేస్తే చదరపు కిలోమీటరుకు ఆరు వేల లెక్క వచ్చిందట, 2014 నాటికి అది నలభైకి లోపు పడిపోయింది. సొంత కాలవల్లో అంతరించిపోయే దశలో ఉన్న జీవి, పరాయి దేశాల్లో పిల్లల గదుల్లో మాత్రం వేలకొద్దీ పెరుగుతోంది. 2021లో మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి దీన్ని తెచ్చాక ఆ ఆట ఆడే పిల్లలున్న ఇళ్లలో ఈ పేరు వినని తల్లిదండ్రులు ఉండరు. మేముండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన క్యారల్టన్‌లో కాబట్టి కుదిరింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మెయిన్ రాష్ట్రాల్లో దీన్ని ఇంట్లో పెంచకూడదు. ఎవరైనా కాలవలో వదిలేస్తే అక్కడి స్థానిక సాలమాండర్లతో (దీని దగ్గరి చుట్టాలే) కలిసి జాతి చెడుతుందని కాలిఫోర్నియా భయం. ఆ కాలిఫోర్నియాలోనే ఫ్రీమాంట్‌లో ఉండే మా ఆడపడుచు వీడియో కాల్‌లో చూసి, "ఇది మా దగ్గరైతే కేసే వదినా" అని నవ్వింది.

దీనికి జబ్బు చేసినప్పుడు మేం ఏమేం చేశామో రాయమని, పిల్లల పోరు పడలేక కొనేసిన తెలుగువాళ్లు ఒకరిద్దరు అడిగారు. అందుకే ఇది.

2024 మే 28. మెమోరియల్ డే సెలవు మర్నాడు. తెల్లవారుతుండగానే గాలివాన మొదలైంది. డాలస్ చుట్టుపక్కల ఆరు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయిన రోజది. మా వీధిలో ఓక్ చెట్టు అడ్డంగా పడి తీగలన్నీ తెగిపోయాయి. ఇంట్లో ఏసీ ఆగింది, ఫ్రిజ్ ఆగింది. వాటి గురించి ఎవరికీ పెద్ద టెన్షన్ లేదు. మా అమ్మాయి మాత్రం నిద్రలేస్తూనే ట్యాంకు దగ్గరికి పరిగెత్తింది.

ఆక్సలాటల్‌కి చల్లటి నీళ్లు కావాలి. పదహారు నుంచి పద్దెనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా ఉంటుంది, ఇరవై దాటితే ఇబ్బంది పడుతుంది, ఇరవై నాలుగు దాటితే ప్రాణం మీదికే వస్తుంది. అందుకే ట్యాంకుకి ఒక చిల్లర్ బిగించాం. రెండోది ఫిల్టర్. ట్యాంకు కిందున్న డబ్బాలో స్పాంజీలు, పింగాణీ ముక్కలు ఉంటాయి, వాటిని అంటిపెట్టుకుని కంటికి కనిపించని బ్యాక్టీరియా బతుకుతుంది. కోవా విసర్జించే విషపు అమ్మోనియాని నైట్రైట్‌గా, అదీ విషమే కాబట్టి ఆ నైట్రైట్‌ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేది అదే. చిల్లర్, ఫిల్టర్ రెండూ కరెంటు మీదే నడుస్తాయి.

ఆ సమయానికి అమ్మానాన్నా మా ఇంట్లోనే ఉన్నారు. నాన్నది భీమవరం దగ్గర పల్లెటూరు. ముప్పై ఏళ్లు చెరువులు చేశారు. మొదట శీలావతి, బొచ్చె, తర్వాత వనామీ రొయ్య. వచ్చిన కొత్తలో కోవాని చూసి, "డబ్బులిచ్చి దీన్ని కొని, మళ్లీ డబ్బులిచ్చి దీనికి వానపాములు కొంటారా" అని ఆశ్చర్యపోయారు. కరెంటు పోయిన గంటకి మాత్రం లుంగీ ఎగ్గట్టుకుని ట్యాంకు ముందు కూర్చుండిపోయారు. వనామీ చెరువులో రాత్రిపూట నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. తెల్లారేసరికి పంటంతా పైకి తేలుతుంది.

"ముందు గాలి చూడండి. చల్లదనం సంగతి తర్వాత" అన్నారు.

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. అదే వేడికి జంతువుకి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. మావారు వెళ్లి చేపలు పట్టేవాళ్ల సామాన్లు అమ్మే కొట్టులో బ్యాటరీలతో నడిచే చిన్న గాలి పంపు తెచ్చారు. ఎర చేపల్ని బకెట్లో బతికించుకోవడానికి వాడేది. దానికి పెద్ద ఖరీదు కూడా ఉండదు. ఇప్పుడు ఆక్సలాటల్ పెంచేవాళ్లు ఎవరు కనిపించినా ముందు అదే కొనమంటాను.

మధ్యాహ్నానికి నీళ్లు ఇరవై మూడుకి చేరాయి. ఇంట్లో మాకే ఉక్కపోత. దగ్గర్లోని ఫ్రిస్కోలో మా పిన్ని కొడుకు ఇంట్లో కరెంటు ఉంది కాబట్టి వాళ్ల ఫ్రీజర్లో నీళ్ల సీసాలు గడ్డ కట్టించి, ఐస్ పెట్టెలో పెట్టుకుని తెచ్చుకోవడం మొదలుపెట్టాం. మూత బిగించిన సీసానే ట్యాంకులో వదిలేవాళ్లం, ఐసు ముక్కలు నేరుగా వేసేవాళ్లం కాదు. కుళాయి నీటితో చేసిన ఐసులో క్లోరిన్ సంబంధమైనవి ఉంటాయి. ఒక్కసారిగా చల్లబరచడం కూడా ప్రమాదమే, గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి దించకూడదు. నాన్న థర్మామీటర్ పట్టుకుని కూర్చుని, "ఇప్పుడు తియ్యి, ఇప్పుడు పెట్టు" అని పురమాయించేవారు. పైన ఒక తడి తువ్వాలు కప్పి విసనకర్రతో విసిరింది అమ్మ. ఎంత ఉపయోగపడిందో తెలియదు గానీ, ఎవరూ వద్దనలేదు.

కరెంటు తిరిగొచ్చింది అర్ధరాత్రి దాటాక. ఏసీ మోత వినబడగానే మావారు ఫిల్టర్ ప్లగ్గు పెట్టబోయారు. నాన్న పడక గదిలోంచి కేక పెట్టారు. "ఆగండల్లుడుగారూ! చూడకుండా మోటారు వెయ్యకండి."

అలా ఆపడం మంచిదైంది. మూసి ఉన్న ఫిల్టర్ డబ్బాలో నీరు కదలకపోతే లోపలి బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. కొన్ని గంటల్లోనే చావడం మొదలవుతుంది. చచ్చిందంతా అక్కడే కుళ్లుతుంది. అప్పుడు స్విచ్ వేస్తే ఆ కుళ్లు నీరంతా తిన్నగా ట్యాంకులోకి వెళ్తుంది. మూత తీయగానే గుడ్డు కుళ్లిన వాసన వచ్చింది. నీళ్లు పారబోసి, స్పాంజీల్ని ట్యాంకు నీటితోనే కడిగి పెట్టాం. కుళాయి కింద కడిగితే మిగిలిన కొద్దిపాటి బ్యాక్టీరియా కూడా పోతుంది.

అయినా పొద్దున అమ్మోనియా టెస్ట్ చేస్తే ఆకుపచ్చ తేలింది. టెస్ట్ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గాజు గొట్టంలో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మొదటి సీసాలోంచి ఎనిమిది చుక్కలు, రెండో సీసాలోంచి ఎనిమిది చుక్కలు వేసి, కుదిపి, అయిదు నిమిషాలు ఆగాలి. పసుపు రంగైతే అమ్మోనియా లేనట్టు. ఆకుపచ్చ ఎంత చిక్కబడితే అంత ప్రమాదం. నాన్న ఆ గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, రంగుల కార్డు పక్కన పెట్టి చూసి, "పీహెచ్ ఎంతుంది?" అని అడిగారు. పీహెచ్ అంటే నీటిలో ఆమ్ల, క్షార గుణాల కొలత. ఎనిమిది పైనే. పెదవి విరిచారు. పీహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో, అందులోనూ వేడిగా ఉన్నప్పుడు, అమ్మోనియాలో విషపు భాగం పెరుగుతుంది. ఎండ కాసే మధ్యాహ్నాల్లో నాచు వల్ల చెరువు పీహెచ్ పెరిగి రొయ్య నీరసపడటం ఆయన ఎన్నోసార్లు చూసినదే.

కోవా అప్పటికే తేడాగా ఉంది. మొప్పల కొనలు ముందుకు వంగి ఉన్నాయి. తోక చివర కొక్కెం తిరిగింది. ఈ రెండూ కనబడితే ఇబ్బందుల్లో ఉందని అర్థం. వానపాము ముక్క మూతి ముందు ఆడించినా పట్టించుకోలేదు. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగి వెళ్తోంది. దీనికి మొప్పలతో పాటు చిన్న ఊపిరితిత్తులు కూడా ఉంటాయి. అప్పుడప్పుడు అలా చేయడం మామూలే, అదే పనిగా చేస్తే మాత్రం కాదు.

ట్యాంకులోంచి తీసి ప్లాస్టిక్ టబ్బులో పెట్టాం. వలతో పట్టకూడదు. మొప్పల నూలుపోగులు వల కన్నాల్లో చిక్కుకుని తెగిపోతాయి. ఒక డబ్బాను నీటిలో ముంచి, నెమ్మదిగా దాని వెనక్కి తెచ్చి, నీళ్లతో సహా ఎత్తాలి. టబ్బులో ఫిల్టర్ ఉండదు కాబట్టి నీళ్లు పూర్తిగా మార్చడమే వైద్యం. ఒకే కొలత టబ్బులు రెండు కొన్నాం. ఒకదాంట్లో కోవా, రెండోది ఖాళీగా. పొద్దున, సాయంత్రం కొత్త నీళ్లు సిద్ధం చేసి ఇందులోంచి అందులోకి మార్చడం. చుట్టూ తువ్వాలు కప్పి చీకటి చేయడం, ఎందుకంటే దీనికి కనురెప్పలు లేవు, వెలుతురు పడదు.

కొత్త నీళ్ల తయారీ దగ్గర మాకు కొంత తికమక. మా ఊరి కుళాయి నీటిలో వేసేది ఉత్త క్లోరిన్ కాదు, క్లోరమైన్. అంటే క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి చేసేది. క్లోరిన్ అయితే ఒక రోజు బకెట్లో ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది, క్లోరమైన్ పోదు. కుళాయి నీటిని ట్యాంకుకి పనికొచ్చేలా చేసే కండిషనర్ మందు వేస్తే క్లోరిన్ విరిగిపోయి అమ్మోనియా మిగులుతుంది. మంచి రకం కండిషనర్ ఆ అమ్మోనియాని కూడా కొంతసేపు హాని చేయని రూపంలో పట్టి ఉంచుతుంది గానీ, టెస్టులో మాత్రం రంగు చూపిస్తూనే ఉంటుంది. అప్పుడే పట్టిన కుళాయి నీటిని నాన్న టెస్ట్ చేసి లేత ఆకుపచ్చ చూసి, "ఇక్కడ మంచినీళ్లలోనే అమ్మోనియా పోస్తున్నారేంటి" అని బిత్తరపోయారు. వివరం చెప్పాక నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ మా దగ్గరే ఉంది: తేదీ, వేళ, ఉష్ణోగ్రత, పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, "మేత తిన్నది/తినలేదు". చెరువు లెక్కల పుస్తకానికి గీసే గళ్లే గీశారు.

ఇంత చేసినా, ఒక ఉదయం ఎడమవైపు వెనక మొప్ప మీద తెల్లగా దూది పింజ అంటుకున్నట్టు కనిపించింది. అదే బూజు. సాప్రోలెగ్నియా అనే నీటి బూజు జాతి ఇలాంటప్పుడే పడుతుంది. దాని బీజాలు నీటిలో ఎప్పుడూ ఉండేవే, ఆరోగ్యంగా ఉన్న ఒంటిని ఏమీ చేయవు. వేడికి, అమ్మోనియాకి చర్మం మీది జిగురు పొర దెబ్బతిన్నాక పాతుకుంటాయి.

పశువైద్యుడి కోసం వెతకడం ఇంకో కథ. చుట్టుపక్కల క్లినిక్కులకి ఫోన్ చేస్తే "కుక్కలు, పిల్లులు మాత్రమే" అన్నారు. ఒకచోట పేరే మూడుసార్లు చెప్పించుకుని, చివరికి "సారీ" అన్నారు. ఈలోగా ఒక పెట్ షాపులో అడిగితే చేపల బూజు మందని ఒక సీసా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక నాన్న కళ్లజోడు పెట్టుకుని లేబుల్ చదివించుకున్నారు. అందులో రాగి ఉంది. "మైలతుత్తం జాతే కదా ఇది. దీని చర్మం చూడు ఎంత పల్చగా ఉందో. ఇందులో వేస్తే ఇంకేమన్నా ఉందా" అని పక్కన పెట్టేశారు. తర్వాత డాక్టరూ అదే మాట చెప్పారు: ఉభయచరాలు చర్మంతో కూడా ఊపిరి పీలుస్తాయి, నీటిలో కలిపినదంతా లోపలికి వెళ్తుంది, రాగి ఉన్న మందులు వీటికి విషం. చేపలకు పనికొచ్చేవన్నీ వీటికి పనికొస్తాయనుకోకూడదు.

చివరికి పక్షులు, పాములు, తాబేళ్లను చూసే ఒక డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికింది. నీళ్ల డబ్బాని ఐస్ పెట్టెలో పెట్టి, పక్కన తువ్వాలు చుట్టిన ఐసు సీసా పెట్టుకుని వెళ్లాం. వెయిటింగ్ రూములో మా పక్కన భుజం మీద ఇగువానాతో ఒకాయన, పంజరంలో చిలకతో ఒకావిడ. మా అమ్మకి అదంతా జాతర చూసినంత సంబరం.

డాక్టరమ్మ డబ్బాలో ఉండగానే కోవాని చాలాసేపు చూశారు, ముట్టుకోలేదు. తర్వాత తడి గ్లౌజులతో పట్టుకుని, బూజులోంచి ఒక చిన్న పోగు తీసి గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూశారు. మా అమ్మాయిని పిలిచి చూపించారు కూడా: కొమ్మలు కొమ్మలుగా చీలిన సన్నటి దారాలు. బూజు సంగతి సరే, మొప్ప మొదట్లో ఎర్రబడింది కాబట్టి బ్యాక్టీరియా కూడా చేరి ఉంటుందని చెప్పి సెఫ్టాజిడైమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రాశారు. కోవాని తూచి, ఆ బరువుకి సరిపడా మందు సిరంజిల్లో నింపి ఇచ్చారు. ఇంట్లో ఫ్రీజర్లో పెట్టుకోవాలి, మూడు రోజులకోసారి ఒకటి తీసి అరచేతిలో కరిగించి వేయాలి. డోసు ఎంతో నేను ఇక్కడ రాయను. అది డాక్టరు తూచి చెప్పాల్సిందే.

ఇంజెక్షన్ మేమే వేయాలని తెలిసేసరికి నాకు చేతులు చల్లబడ్డాయి. ముందు కాలి పైభాగంలో కాస్త కండ ఉంటుంది, అక్కడే వేయాలి. వెనక కాళ్లకి వేస్తే మందు ఒంట్లోకి వెళ్లకముందే మూత్రపిండాల దారి పడుతుందట. మొదటిసారి మావారు తడి గ్లౌజులతో కోవాని పట్టుకున్నారు, అమ్మాయి టార్చి పట్టుకుంది, నేను సిరంజి పట్టుకున్నాను. పొడి చేతులతో ముట్టుకుంటే జిగురు పొర ఊడిపోతుంది. తడి చేతులతో పట్టుకుంటే జారిపోతుంది. తల మీద తడి గుడ్డ కప్పితే కాస్త కదలకుండా ఉంది. ఆ కాలు నా చిటికెన వేలులో సగం కూడా లేదు. సూది గుచ్చగానే ఒక్క విదిలింపు విదిలించి నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మందు లోపలికి వెళ్లాక ఆ చోట చిన్న బుడిపె తేలి, చూస్తుండగానే సర్దుకుంది. అందరం ఊపిరి పీల్చుకున్నాక చూస్తే నాన్న గదిలో లేరు. లక్షల రొయ్యల్ని పట్టించిన మనిషి, సూది గుచ్చడం చూడలేక బాల్కనీలోకి వెళ్లిపోయారు.

బూజుకి డాక్టరమ్మ చెప్పింది టీ స్నానం. నేను మొదట వేళాకోళం అనుకున్నాను. ఉత్త బ్లాక్ టీ, ఏ సువాసనలూ కలపనిది, మరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లార్చి, కండిషన్ చేసిన నీళ్లలో కలిపి, అందులో పది పదిహేను నిమిషాలు ఉంచాలి. టీలోని వగరుకి చర్మం కాస్త గట్టిపడుతుంది, బూజు బలహీనపడుతుంది. మా ఇంట్లో ఉన్న డబ్బాలన్నిటిలోనూ ఏలకులో అల్లమో కలిసిన పొడే. అమ్మ తన సూట్‌కేసులోంచి భీమవరం నుంచి తెచ్చుకున్న మామూలు టీ పొడి పొట్లం తీసి, "నేను వెళ్లేదాకా సరిపెట్టుకుందామనుకున్నా. సర్లే, దానికే కాచండి" అంది.

టబ్బులో బాదం ఆకులు వేయడం కూడా అందుకే, అందులోనూ అదే వగరు. ఇక్కడ ఎండు బాదం ఆకుల్ని కట్టలు కట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతారు. మా బడి ఆవరణలో నాటు బాదం చెట్టు కింద రోజూ ఊడ్చి తగలబెట్టిన ఆకులే అవి. ధర చూసి నాన్న నవ్విన నవ్వు ఇంకా ఆగలేదు.

ఉప్పు దగ్గర మాత్రం ఇంట్లో గొడవైంది. చాలామంది ఆక్సలాటల్ బూజుకి ఉప్పు స్నానమే చేయిస్తారు, లీటరుకి రెండు మూడు చెంచాల అయొడిన్ లేని ఉప్పు, పది నిమిషాలకు మించకుండా. చెరువుల్లో బస్తాలకొద్దీ ఉప్పు చల్లిన నాన్నకి ఇదే సరైన దారనిపించింది. డాక్టరమ్మ వద్దన్నారు. మొప్ప అప్పటికే పుండై ఉంది, ఉప్పు బూజుతో పాటు మొప్పనీ మాడుస్తుంది, టీతో తగ్గకపోతే మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు మందు చూద్దాం అన్నారు. మిథిలీన్ బ్లూ ట్యాంకులో వేస్తే ఫిల్టర్ బ్యాక్టీరియా చస్తుంది, టబ్బులోనే వాడాలి. మాకు అంతదూరం రాలేదు. నాన్న రెండు రోజులు ముభావంగా ఉండి, తర్వాత తనే టీ కాచడం మొదలుపెట్టారు.

టీ స్నానాలు సాగుతుండగా బూజు బూడిద రంగుకి తిరిగి, ఒక సాయంత్రం నీళ్లు మారుస్తుంటే ఊడి వచ్చేసింది. దాంతో పాటు ఆ మొప్ప మీది నూలుపోగులూ పోయాయి. మిగిలింది గులాబీ రంగు మోడు. మా అమ్మాయి ఏడ్చింది. ఆ ఏడుపులో ఉండగానే దాని స్నేహితురాలు ఫోన్‌లో "పర్వాలేదులే, ఎలాగూ మళ్లీ మొలుస్తుంది" అంది.

మొలుస్తుంది, నిజమే. కాలు తెగితే కాలు, తోక తెగితే తోక, వెన్నుపాముతో సహా తిరిగి పెంచుకునే జీవి ఇది. ఆ గుట్టేమిటో తెలుసుకోవడానికే ప్రపంచమంతా ల్యాబుల్లో దీన్ని పెంచుతున్నారు. 2018లో దీని జీనోమ్, అంటే ఒంట్లోని జన్యు సమాచారం మొత్తం, చదివితే మూడు వేల రెండొందల కోట్ల అక్షరాలు తేలాయి, మనిషి జీనోమ్‌కి పదింతలు. కానీ ఈ గొప్ప వినీ వినీ జనం దీనికి ఏమీ కాదనుకుంటున్నారని నా అనుమానం. అవయవం మొలవాలంటే ముందు జంతువు బతకాలి, తినాలి, నీళ్లు బాగుండాలి. అమ్మోనియాలో ఉన్న ఆక్సలాటల్‌కి ఏమీ మొలవదు. డాక్టరమ్మ కూడా దీని గురించి ఎక్కువ ఆశ పెట్టలేదు, "తిండి మొదలుపెట్టనివ్వండి" అన్నారు అంతే.

తిండి అంటే వానపాములు. పెద్ద రకం నైట్‌క్రాలర్లు అట్టపెట్టెలో మట్టితో సహా అమ్ముతారు, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. అవి ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్లూ అమ్మ పై అరలోనే తన సామ్రాజ్యం పెట్టుకుంది, కింది అర తలుపు కూడా ముట్టుకోలేదు. ఎర్ర వానపాములు చవకే గానీ అవి చేదు జిగురు వదులుతాయి, కోవా నోట్లో పెట్టుకుని ఉమ్మేసేది. తినని ముక్కని వెంటనే తీసేయాలి, లేకపోతే టబ్బు పాడవుతుంది.

మొదటిసారి తిన్నది నాన్న చేతి నుంచే. చిన్నప్పుడు గాలానికి ఎర గుచ్చిన అనుభవం కదా, వానపామును కడిగి, చిన్న ముక్క చేసి, పటకారుతో పట్టుకుని మూతి ముందు కాదు, మూతి పక్కన కదిపారు. దీనికి చూపు అంతంతమాత్రం, కదలికని, వాసనని బట్టి పట్టుకుంటుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత తల పక్కకి తిరిగింది, నోరు తెరిచి నీళ్లతో పాటు ముక్కని ఒక్క గుక్కలో లాగేసింది. నోటుబుక్కులో ఆ రోజు గడిలో "తిన్నది" అని రాసి కింద రెండు గీతలు కొట్టి ఉంది.

కోవా టబ్బులో ఉన్నన్నాళ్లూ ట్యాంకుని మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేశాం. బ్యాక్టీరియా పెరగడానికి మామూలుగా నెల నుంచి రెండు నెలలు పడుతుంది. ఆరోగ్యంగా నడుస్తున్న ఇంకొకరి ఫిల్టర్ నుంచి ఒక స్పాంజీ తెచ్చి మన ఫిల్టర్లో వేస్తే త్వరగా అందుకుంటుంది. ఆక్సలాటల్స్ పెంచే ఒకావిడ ఇచ్చారు. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం, మా అమ్మాయికి యాభై పెసోల నోటు కూడా ఇచ్చారు, దాని మీద ఆక్సలాటల్ బొమ్మ ఉంటుంది. ట్యాంకులో మేతగా కొద్దిగా అమ్మోనియా వేసి రోజూ చూస్తుంటే మొదట అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరిగింది, ఆ తర్వాత నైట్రైట్ కూడా సున్నాకి దిగింది. నైట్రేట్ ఒక్కటే మిగిలినప్పుడు సగానికి పైగా నీళ్లు మార్చాం. అమ్మోనియా వేసిన మర్నాటికల్లా రెండూ సున్నా చూపించాలని నాన్న పట్టుబట్టారు, చూపించేదాకా కోవాని వెయ్యనివ్వలేదు.

ట్యాంకులోకి వెళ్లాక మొప్ప మోడు మీద ముందు సన్నటి నూగు కనిపించింది. నెలలు గడిచేకొద్దీ అది పొడవైంది. ఇప్పుడు పక్కవాటికన్నా కొంచెం పొట్టిగా, కొంచెం ముదురు రంగులో ఉంది. తెలియనివాళ్లు గుర్తుపట్టరు.

ఖర్చు ఎంతైందని అందరూ అడుగుతారు. జంతువు ఖరీదు కన్నా వైద్యానికి ఎన్నో రెట్లు అయింది. మావారు ఆ బిల్లు మా మామగారికి చెప్పొద్దన్నారు, చెప్పలేదు. ఇప్పుడు బ్యాటరీ పంపు, రెండు టబ్బులు, ఫ్రీజర్లో నీళ్ల సీసాలు ఎప్పుడూ ఉంటాయి. ట్యాంకు అంచుకి బిగించే చిన్న ఫ్యాను కూడా కొన్నాం. నీటి మీద గాలి తోలితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, బ్యాటరీ మీద కూడా నడుస్తుంది. నాన్న భీమవరం వెళ్లిపోయాక కూడా మెసేజ్‌లో అడిగేది ముందు పీహెచ్, తర్వాతే మనవరాలి చదువు.

మొన్న హైదరాబాద్ నుంచి మా పెద్దమ్మ మనవడు ఫోన్ చేశాడు. కూకట్‌పల్లిలో ఫ్లాట్, వాళ్ల బాబు కూడా మైన్‌క్రాఫ్ట్ ఆడతాడు, ఎవరో ఆక్సలాటల్ పిల్ల అమ్ముతామన్నారట, తీసుకోనా అత్తా అని. ఇది వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైట్స్ ఒప్పందం రెండో జాబితాలో ఉన్న జీవి, మన దేశంలో వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత ఇలాంటివి పెంచేవాళ్లు ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, అమ్మేవాడి దగ్గర కాగితాలు ఉన్నాయో లేదో ముందు చూడమన్నాను. తర్వాత అసలు సంగతి అడిగాను: మేలో మీ మిద్దె మీద ట్యాంకు నీళ్లు స్నానానికి కూడా పనికిరానంత కాలిపోతాయి కదా, వీటిని పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఎలా ఉంచుతావు? ఏసీ గది ఉందన్నాడు. ఏసీ గదిలో కూడా ఇరవై నాలుగు, ఇరవై అయిదు ఉంటుంది, చిల్లర్ కావాలి, అది ఇన్వర్టర్ మీద నడవాలి అన్నాను. జంతువు లేకుండా ఖాళీ ట్యాంకు పెట్టి, చిల్లర్ వేసి, ఒక ఎండాకాలం నడిపి చూడు, నీళ్లు పద్దెనిమిది దాటకుండా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. వాడు సరే అత్తా అన్నాడు. మళ్లీ ఫోన్ చెయ్యలేదు.